“మంచి వకీలు ఎవరన్న ఉన్నరా?”

పోయిన నెల మిర్యాలగూడ రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లికి పోయాను. బగారా అన్నం వడ్డించుకుని కూర్చునే జాగా వెతుక్కుంటుంటే మా చిన్నాయన కొడుకు వచ్చి మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. “అన్నా, నల్లగొండల మంచి వకీలు ఎవరన్న ఉన్నరా?” అన్నాడు. వాడి బామ్మర్దిని ఆరు రోజుల కింద రిమాండ్ చేశారట. ఊళ్లో బోరు దగ్గర గొడవ. ఒకాయనకు తల పగిలింది, 307, అంటే హత్యాయత్నం సెక్షన్ పెట్టారు. 2024 జూలై నుంచి కొత్త చట్టంలో ఆ సెక్షన్ 109 అయింది గానీ, ఊళ్లోనే కాదు, కోర్టు ముందు చాయ్ హోటల్లో కూడా దాన్ని ఇంకా 307 అనే అంటారు.

నేను వకీలును కాదు. నాది ఎరువులు, విత్తనాల దుకాణం. మూడేళ్లకు పైగా మా బావ కేసు వెంట తిరిగినందుకు చుట్టాల్లో నాకు ఆ పేరు పడింది. కోర్టు సంగతులు వాడికి ఎరుక అంటారు. ప్లేటు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను, పేరు ఒక్కటీ చెప్పలేకపోయాను. తెలియక కాదు. ఓ పదిమంది వకీళ్లు కనిపిస్తే పలకరించేంత తెలుసు. ‘మంచి’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. వాడు అడిగింది బెయిల్ తెచ్చే వకీలును. నాకు మూడేళ్లలో తెలిసొచ్చిన మంచి వేరు. ఆ రెండింటి మధ్య తేడా పెళ్లి భోజనాల్లో నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మనం ఎంచుకున్న తీరు

2022 వానాకాలం. తిప్పర్తి దగ్గర బావ వాళ్ల ఊళ్లో గట్టు పంచాయితీ. దున్నేటప్పుడు ట్రాక్టరు గట్టును కోసిందని మాటా మాటా పెరిగింది, పక్క పొలం ఆయన చెయ్యి వాచింది, భుజం మీద రెండు కుట్లు పడ్డాయి. బావ వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు. బావ జెడ్పీ హైస్కూల్లో టీచరు. కంప్లయింట్లో ఆయనే ఏ1, అంటే మొదటి ముద్దాయి. మా దిక్కు ఊళ్లో గొడవైతే ఉద్యోగం ఉన్నోడి పేరు ముందు రాయిస్తారు. కట్టె ఎవరి చేతిలో ఉందన్నది తర్వాతి సంగతి. సర్కారు నౌకరి చేసేవాడు 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే లెక్క. ఆ సంగతి సర్వీసు రూల్సు తెలియని వాళ్లకు కూడా తెలుసు. రాత్రి పదింటికి అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

పొద్దున్నే నలుగురికి ఫోన్ చేశాను. ఒకాయన ఒక పేరు చెప్పి “మనోడే” అన్నాడు. రెండో ఆయన అదే పేరు చెప్పి “సీఐతోని మంచిగుంటడు” అన్నాడు. మూడో ఆయన “పెద్ద కారుల తిరుగుతడు, ఉత్తగనే తిరుగుతడా” అన్నాడు. నాలుగో ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆ వకీలు కేసు ఎట్లా నడుపుతాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పోలీసులు పెట్టిన కేసుకు ఎదురు నిలబడాల్సిన మనిషిని, పోలీసులతో దోస్తీ ఉందని ఎంచుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గనిపిస్తోంది. ఆ రోజు మాత్రం అదే పెద్ద అర్హత అనిపించింది.

ఆఫీసులో ఆయన రెండు నిమిషాలు విన్నాడు. ఆ రెండు నిమిషాల్లోనూ ఫోన్ రెండుసార్లు మోగింది. “ఇగ మీరు ఇంటికి పోయి నిద్రపోండ్రి. నేను చూసుకుంట” అన్నాడు. అక్క రెండు చేతులెత్తి దండం పెట్టింది. నేను నలభై వేలు ఇచ్చాను. ఆయన లెక్కపెట్టకుండానే సొరుగులో వేశాడు. రసీదు అడగడం నాకు గుర్తే రాలేదు. ఏటా మే నెలలో మా దుకాణం ముందు నిలబడి, బిల్లు లేకుండా పత్తి విత్తనం కొనొద్దు, మొలక రాకపోతే బిల్లు లేకుంటే ఎవడూ పట్టించుకోడు అని రైతులకు చెప్పేది నేనే.

రెండు రోజులకు బావను స్టేషన్‌కు పిలిచారు. ఒక కాగితం మీద సంతకం తీసుకుని పంపేశారు. “చూసిండ్రా, ఆపిన” అన్నాడు వకీలు ఫోన్లో. ఇంకోసారి దండాలు. అది 41ఏ నోటీసు అని, అంటే అరెస్టు చేయకుండా విచారణకు రమ్మనే నోటీసని నాకు ఏడాదిన్నర తర్వాత తెలిసింది. బావ మీద పెట్టినవి 447, 324, 506, అంటే పొలంలో చొరబడడం, ఆయుధంతో గాయపరచడం, బెదిరించడం. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇట్లాంటి కేసుల్లో, అవసరం ఏమిటో రాయకుండా పోలీసులు అరెస్టు చేయడానికి లేదని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. మరి బావను ఆయన ఆపాడా, నోటీసు ఆపిందా? ఆయన నిజంగానే స్టేషన్‌కు ఫోన్ చేసి ఉండొచ్చు, కాదనను. ఒక్క మాట, “ఇది చిన్న సెక్షన్, నోటీసు ఇస్తరు, భయపడకుండ్రి” అని ఆ మొదటి రోజే చెప్పి ఉంటే అక్క రెండు రాత్రులు నిద్రపోయేది. చెబితే నలభై వేలు వచ్చేవి కావేమో.

ఆ తర్వాత ఛార్జిషీట్ వేశారు, కోర్టులో కేసుకు సీసీ నంబర్ పడింది, వాయిదాలు మొదలయ్యాయి. ఒక వాయిదా పదో తరగతి పరీక్షల రోజే పడింది. బావకు ఇన్విజిలేషన్ డ్యూటీ. “నువ్వు రాకు, అబ్సెంట్ పిటిషన్ వేస్త” అన్నాడు వకీలు. వేయలేదు. ఆయన మర్చిపోయాడో, జూనియర్‌కు చెప్పి జూనియర్ మర్చిపోయాడో ఈ రోజుకీ తెలియదు. మూడు వారాలకు ఒక కానిస్టేబుల్ స్కూలుకు వచ్చాడు. మఫ్టీలో వచ్చాడు, మర్యాదగానే మాట్లాడాడు. స్టాఫ్ రూంలో బావ ఎనిమిదో తరగతి పేపర్లు దిద్దుతున్నాడు. “సార్, మీ పేరు మీద నాన్ బెయిలబుల్ వారెంటు ఉంది, రేపే కోర్టుకు పోయి రీకాల్ చేయించుకోండ్రి” అన్నాడట. ఆ మాటకు ఎదురు బల్ల మీద హిందీ మేడం టిఫిన్ డబ్బా మూత పెట్టడం ఆపేసింది. బావ ఇప్పటికీ చెప్పేది వారెంటు గురించి కాదు, ఆ మూత గురించి.

వకీలుకు ఫోన్ చేస్తే “అయితయి ఇసొంటివి. రీకాల్ వేద్దాం, ఐదు వేలు పట్టుకరాండ్రి” అన్నాడు. తన మరుపుకు మా దగ్గర ఫీజు.

పిండి గిర్ని మీది ఆఫీసు

మార్చాలనుకున్నాం. అనుకోవడం తేలికే. పాత వకీలు ‘నో అబ్జెక్షన్’ రాసిస్తే గానీ కొత్త వకాల్తా మామూలుగా పడదు. ఆయన ఇరవై వేలు బాకీ ఉందన్నాడు. ఫైలూ ఇయ్యనన్నాడు. ఫీజు బాకీ ఉందని వకీలు క్లయింటు ఫైలును ఆపుకోవడానికి లేదని సుప్రీంకోర్టు 2000లో తీర్పు ఇచ్చి ఉంది. అది ఆయనకు తెలియకుండా ఉంటుందా? మాకు తెలియదని ఆయనకు తెలుసు, అంతే. ఛార్జిషీట్ కాపీలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి, కోర్టు ఇచ్చింది కూడా. బావ చేతికి ఇస్తే బావ వాటిని అటు నుంచి అటే వకీలు చేతిలో పెట్టాడు. ఒక సెట్టు జిరాక్స్ తీసుకోవాలని తోచలేదు.

కొత్త వకీలు ఒక మేడం. రామగిరిలో, కింద పిండి గిర్ని, పైన ఆఫీసు. గిర్ని నడుస్తుంటే బల్ల మీది గాజు గ్లాసు సన్నగా వణుకుతుంటుంది. ఆమె కోర్టు అనుమతితో వకాల్తా వేసుకుని, సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టి తెప్పించుకుంది. అవన్నీ చదివాక మమ్మల్ని పిలిచింది. నమస్కారాలు అయ్యాక అడిగిన మొదటి ప్రశ్న: “సార్, ఆ రోజు మీరు పొలం కాడ ఉన్నరా, లేరా?”

“లేను మేడం. స్కూల్ల ఉన్న” అన్నాడు బావ. ఏడాదిన్నరగా మా ఇంటిల్లిపాదికీ ఆయన చెప్పింది అదే. హెడ్మాస్టరు సాక్ష్యం చెబుతారని పాత వకీలు గుమస్తా కూడా ధైర్యం చెప్పి ఉన్నాడు.

“మీ ఫోన్ ఎక్కడుంది ఆ రోజు?”

గిర్ని చప్పుడు ఒక్కటే. బావ నా దిక్కు చూడలేదు. “జేబులనే ఉండె” అన్నాడు. కాసేపాగి, “ఉన్న మేడం. పొలం కాడనే ఉన్న. గని కట్టె పట్టలే” అన్నాడు.

ఆమె కోపగించుకోలేదు. “మీరు నాకు చెప్పింది నా నోట్లకెల్లి బయటికి పోదు, చట్టమే నన్ను పోనియ్యదు. గని నాకు తెల్వకుంటె నేను గుడ్డిదాన్నే” అంది. ఛార్జిషీట్లో టవర్ లొకేషన్ లేదు కదా అని స్కూల్లో ఉన్నాడని చెప్పుకుంటూ పోతే, రేపు ఏపీపీ, అంటే సర్కారు వకీలు, ఆ ఒక్క కాగితం తెప్పించినా కేసంతా మీద పడుతుందని చెప్పింది. ఉన్నాడు గానీ కొట్టలేదన్నది నిలబడొచ్చు. నిలబడకపోవచ్చు కూడా. “గాయం సర్టిఫికెట్ మనకు అనుకూలంగ లేదు. కేసు కొట్టేస్తరని నేను చెప్పలేను” అని, ఒక తెల్లకాగితం మీద ఫీజు రాసిచ్చింది. మొత్తం ముప్పై వేలు, ఏ దశలో ఎంత, కింద సంతకం.

ఇన్నాళ్లూ నమ్మకమైన వకీలు దొరకలేదని తిట్టుకుంటూ తిరిగినోణ్ణి. మా ఇంటి మనిషే తన వకీలుకు నిజం చెప్పలేదని ఆ రోజు తెలిసింది. అంతెందుకు, నాకే చెప్పలేదు. పాత వకీలు అడగలేదు, నిజమే. అడిగినా చెప్పేవాడు కాదేమో.

మెట్లు దిగుతూ బావ అన్న మాట రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. “ఈమెకే నమ్మకం లేదు, మనకేం గెలిపిస్తది?” అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది. రెండు రోజులు ఊగిసలాడాం. చివరికి ఆమె దగ్గరికే పోయాం. ఆమె నిజాయితీ నచ్చి పోయామని చెప్పుకోవాలని ఉంది గానీ, ఫీజు తక్కువని పోయాం.

నా వాదన ఇక్కడే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పే వకీళ్లు నల్లగొండలో లేరని కాదు. వాళ్ల దగ్గరి నుంచి మనమే లేచి వస్తాం. “చెప్పలేను” అన్నవాడు చేతకానివాడు, “చూసుకుంట” అన్నవాడు మొనగాడు. పదేళ్లు ప్రాక్టీసు చేసిన ఏ వకీలుకైనా ఈ లెక్క అర్థమైపోతుంది. ఆ ‘చూసుకుంట’ను మనమే కొన్నాం. నేనైతే నలభై వేలకు కొన్నాను.

అదుపు ఎవరి చేతిలో

ఒక సంచి విత్తనం మొలక రాకపోతే రైతు నన్ను వినియోగదారుల కమిషన్‌కు ఈడ్చవచ్చు. వకీలును ఈడ్చలేడు. 2024 మే 14న సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చేసింది. వకీలు క్లయింటు చెప్పినట్టు నడుచుకోవాలి, అంటే వకీలు మీద నేరుగా అదుపు క్లయింటుకే ఉంటుంది, అందుకని ఇది వ్యక్తిగత సేవా ఒప్పందం, వినియోగదారుల చట్టం కిందికి రాదు అన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. చదివి కాసేపు అట్లాగే కూర్చున్నాను. వాయిదా రోజు వరండాలో చెప్పులు చేత పట్టుకున్నట్టు ఒదిగి నిలబడి, నల్లకోటు కనిపించగానే బీడీ పారేసే దేవరకొండ రైతు చేతిలో ఉందట ఆ అదుపు.

తప్పు చేసిన వకీలు మీద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు, అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ ఉంది. మేం చేయలేదు. అదే కోర్టులో, అదే వరండాలో ఇంకా ఎన్నేళ్లు తిరగాలో తెలియనప్పుడు ఎవరు చేస్తారు? దావా వేయాలన్నా దానికి మళ్లీ ఒక వకీలు కావాలి.

పోనీ, తెలుసుకుని ఎంచుకుందామంటే వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోవడానికి వీల్లేదు, బార్ కౌన్సిల్ రూలు. మంచి రూలే. మందుల కంపెనీల్లాగా ‘గ్యారంటీ బెయిల్’ అని గోడల మీద రాసుకునే రోజు రావద్దు. కానీ దాని వల్ల మనకు మిగిలింది బావమరిది మాట, చాయ్ హోటల్ మాట, కులం మాట.

ఇదంతా ఒక దిక్కు వాదన. మా దుకాణానికి యూరియా కోసం వచ్చే ఒక కుర్ర వకీలు ఉన్నాడు, కట్టంగూర్ దగ్గర నాలుగెకరాల బత్తాయి తోట. ఆయన ముందు ఇట్లాగే మాట్లాడితే నవ్వాడు. “బెయిల్ రాకముందు రోజుకు ఇరవై సార్లు ఫోన్ చేస్తరన్నా. వచ్చినంక నా నంబరు చూసి కట్ చేస్తరు” అన్నాడు. బెయిల్ వస్తేనే మిగతా సగం ఇస్తామని క్లయింట్లే బేరం పెడతారట. ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవద్దని బార్ కౌన్సిల్ రూలు ఉందంటే, ఆ రూలు ఉన్న వకీలు మాకొద్దని పక్క గదిలోకి పోతారట. అందుకే ముందే మొత్తం గుంజుతాం అన్నాడు. రసీదు సంగతి అడిగితే యూరియా బస్తా బండి మీద ఎత్తుకుని, “మీరిచ్చే బిల్లుల అచ్చంగ ఎమ్మార్పీనే ఉంటదా?” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

కాబట్టి వకీలు దగ్గర ఏం అడగాలో అని నేనిప్పుడు చెప్పేది చాలా చిన్నది. వచ్చే వాయిదా ఎప్పుడు, ఆ రోజు ఏం జరుగుతుంది, మీరు రాలేకపోతే ఎవరు నిలబడతారు, నా కాగితాల సెట్టు ఒకటి నాకిస్తారా. వీటికి విసుక్కోకుండా జవాబు చెప్పే మనిషి ఓడిపోయినా నాకు మంచి వకీలే. గెలుస్తామా అన్న ప్రశ్న ఇందులో లేదు, దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి.

కానీ ఇది చెప్పడం నాకు తేలిక. బావ జైలుకు పోలేదు, మాకు టైం దొరికింది. అర్ధరాత్రి కొడుకును ఠాణాకు తీసుకుపోతే ఆ తండ్రి వచ్చే వాయిదా గురించి అడుగుతాడా? ఆ టైంలో “చూసుకుంట” అన్న మాట కూడా ఒక మందే. జ్వరంతో వణికేవాడికి డాక్టరు ముందు ధైర్యం చెబుతాడు, రిపోర్టు తర్వాత చదువుతాడు. మా అక్క ఆ మాట విన్న రోజే అన్నం తిన్నది. దాన్ని నేను పూర్తిగా కొట్టేయలేను. తర్వాత రిపోర్టు చదివాడా లేదా అన్నదే నా గొడవ.

ఫ్రీ వకీలు

పెళ్లి అయిన రెండు రోజులకు తమ్ముడికి ఫోన్ చేశాను. పేరు చెప్పకుండా, ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పొమ్మన్నాను. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు దొరుకుతాడు, 1987 చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఇప్పుడు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ అని పెట్టారు, వాళ్లకు ఇదే ఉద్యోగం, ప్రైవేటు కేసులు పట్టడానికి లేదు.

“ఫ్రీ వకీలా?” అన్నాడు వాడు. “మా అత్తగారోళ్లు ఇజ్జత్ తీస్తరన్నా. పైసలు పెట్టబుద్ధి గాలే అంటరు.” అప్పటికే ఒకాయనను పెట్టుకున్నారట. ముప్పై ఐదు వేలు ఇచ్చారట. నేను రసీదు సంగతి అడగలేదు. “ఏమన్నడు?” అని మాత్రం అడిగాను.

“నేను చూసుకుంట అన్నడు. బెయిల్ పిటిషన్ కూడ వేసిండట.”

‘వేసిండట’ అన్న ఆ చివరి అక్షరం నాకు తెలుసు. సాయంత్రం దుకాణానికి రమ్మన్నాను. ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని వచ్చాడు. కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఎఫ్ఐఆర్ నంబర్ పెట్టి వెతకొచ్చు. స్టేషన్ పేరు ఎంచుకుని, నంబరు, సంవత్సరం కొట్టి, ఆ వంకర అక్షరాల క్యాప్చా రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి పేజీ తెరుచుకుంటుంటే, నిజం చెప్పాలి, ఏమీ ఉండదనే అనుకున్నాను. ఉండొద్దని కూడా లోపల ఎక్కడో అనుకున్నానేమో.

ఉంది. సెషన్స్ కోర్టులో బెయిల్ పిటిషన్, మంగళవారం ఫైలైంది, వాయిదా శుక్రవారం.

“చెప్పిన గదనే” అన్నాడు తమ్ముడు, నన్ను చూసి నవ్వుతూ. నేను ఆ పిటిషన్‌ను వెతికే సీఎన్ఆర్ నంబరు వాడి ఫోన్లో కూడా సేవ్ చేసి, మళ్లీ ఎట్లా చూడాలో చూపించాను. పదహారు అక్షరాల ఆ నంబరును వాడు నోట్లో ఒకసారి చదువుకున్నాడు.

“శుక్రవారం ఏమైతదన్నా?”

“పీపీ వాదన వింటరు, అదే రోజు ఆర్డర్ రావొచ్చు, మళ్ల వాయిదా పడొచ్చు. మీ వకీలును అడుగు.”

వాడు బండి తాళం చేతిలో తిప్పుకుంటూ గడప దగ్గర ఆగాడు.

“అడిగితె ఏమన్న అనుకుంటడా?”